పంపింది బాబాయే, రాసిందెవరు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం ఒకే సంగతి మీద ఉన్నాయి. ఫోన్‌లోకి వచ్చి పడే ఫార్వర్డ్‌లు, వాటిలో ఏది నిజం, ఏది కాదు, నమ్మినవాళ్లకి ఎలా చెప్పాలి. అందుకని మిగతా ప్రశ్నల్ని పక్కన పెట్టి వీటికే చోటిచ్చాను. పేర్లు వేయొద్దని కొందరు అడిగారు కాబట్టి ఎవరి పేరూ వేయలేదు, ఊళ్లు మాత్రం ఉంచాను.

ప్రశ్న: మాష్టారూ, గుమస్తాగా చేసి రిటైరయ్యాను. నా చిన్నప్పుడు పోస్టు కార్డులు వచ్చేవి, స్వామివారి పేరు రాసి ఇన్నిమందికి పంపితే కలిసొస్తుందని, చింపితే కీడని. ఆఫీసులో కంప్యూటర్లు పెట్టాక అవే ఈమెయిల్‌లో వచ్చాయి. ఇప్పుడు వాట్సాప్‌లో. ఇవన్నీ ఎవరు రాస్తున్నారు, వాళ్లకేం లాభం? (విజయనగరం)

జవాబు: పనిగట్టుకుని ఎవరో కూర్చుని రోజూ రాయక్కర్లేదండీ. ఒక్కసారి రాసి వదిలితే చాలు, మిగతా చాకిరీ అంతా మనమే చేస్తాం, అదీ మన కార్డు ఖర్చుతో. ఆ కార్డులో మూడు ముక్కలుండేవి కదా: ఫలానావాళ్లకి మేలు జరిగిందన్న కథ, పంపకపోతే నష్టమన్న బెదిరింపు, ఇంతమందికి పంపమన్న లెక్క. ఈమెయిల్‌లోనూ అవే మూడు. కాకపోతే అక్కడ స్వామివారి స్థానంలో బిల్ గేట్స్ వచ్చాడు. 1997లో తిరిగిన ఈమెయిల్ మీరూ చూసే ఉంటారు, మైక్రోసాఫ్ట్ వాళ్లు ఈమెయిల్ ఎటెటు పోతుందో కనిపెట్టే ప్రోగ్రామ్ పరీక్షిస్తున్నారు, అందరికీ పంపితే మీకు డాలర్లు వస్తాయి అని. అది అమెరికాలో ఒక కాలేజీ కుర్రాడు స్నేహితుల కోసం సరదాకి రాసింది. అతను దాన్ని వదిలేశాడు గానీ అది మాత్రం ఏళ్ల తరబడి తిరిగింది, పేర్లూ కంపెనీలూ మార్చుకుని.

అంతకుముందు 1994 చివర్లో 'గుడ్ టైమ్స్' అని ఇంకొకటి. ఆ పేరుతో ఈమెయిల్ వస్తే తెరవొద్దు, తెరిస్తే కంప్యూటర్ పాడైపోతుంది, మీవాళ్లందరికీ చెప్పండి అని. అలాంటి వైరస్ లేనే లేదు. ఉత్త అక్షరాలున్న ఉత్తరం చదివితే కంప్యూటర్ చెడిపోదు కూడా. కానీ ఆ హెచ్చరికను చదివినవాళ్లు చదివినట్టే పంపడంతో ఆఫీసుల ఈమెయిల్ పెట్టెలు నిండిపోయాయి. 2001లో వచ్చినదైతే ఇంకా గడుసుది. మీ కంప్యూటర్‌లో ఫలానా పేరున్న ఫైలు ఉందేమో వెతకండి, ఉంటే అది వైరస్, వెంటనే తీసేయండి అంది. వెతికితే నిజంగానే ఉండేది, ఎందుకంటే అది విండోస్‌తో పాటు అందరి కంప్యూటర్లలోనూ వచ్చే మామూలు ఫైలు. 2002లో అదే ఎత్తు మళ్లీ వేశారు, ఈసారి ఎలుగుబంటి బొమ్మ ఉన్న ఫైలుతో. చెప్పినట్టే ఉంది కదా అని జనం తమ చేత్తో తామే తీసేసుకున్నారు. మెసేజ్‌లో ఒక్క ముక్క నిజమని తేలితే మిగతాదంతా నమ్మేస్తామని రాసినవాడికి బాగా తెలుసు.

ఇక లెక్క సంగతి, గుమస్తాగా చేశారు కాబట్టి మీకు సరదాగా ఉంటుంది. ఒకడు పదిమందికి పంపి, వాళ్లలో ప్రతివాడూ కొత్తగా మరో పదిమందికి పంపితే తొమ్మిదో విడతకి 100 కోట్ల మంది. పదో విడతకి 1000 కోట్లు, భూమ్మీద అంత జనాభానే లేదు. అంటే చెప్పినట్టు అందరూ పంపితే ఆ గొలుసు వారం తిరక్కుండానే ఆగిపోవాలి. ఆగదు, ఎందుకంటే చాలామంది పంపరు, కొందరు మర్చిపోయి ఏడాది తర్వాత పంపుతారు, ఇంకొందరు అది కొత్తదనుకుని మళ్లీ మొదలెడతారు. అందుకే తేదీ వేయరు. "రేపటి నుంచి" అని ఉంటుంది, ఏ రేపో ఉండదు.

లాభమంటారా, పాతవాటిలో రాసినవాడికి తమాషా తప్ప ఏమీ లేదు. ఇప్పటివాటిలో లింకు నొక్కించి, ఫోన్ నంబరూ బ్యాంకు వివరాలూ లాగే రకాలున్నాయి, అవి వేరే జాతి. ఇంటర్నెట్టే దీనంతటికీ కారణం అని కూడా నేననను. ఇంటి తలుపు మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్న రోజులు మనవాళ్లకి తెలుసు. 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగుతున్నాడన్న మాట ఒక్క రోజులో దేశమంతా పాకింది, అప్పుడు మన దగ్గరున్నవి ఎస్టీడీ బూత్‌లే.

ప్రశ్న: మాది కిరాణా కొట్టు. 10 రూపాయల కాయిన్లు తీసుకుంటే మళ్లీ ఎవరూ పుచ్చుకోవడం లేదు. నకిలీవి వచ్చాయని, గీతలు లెక్కపెట్టి చూడాలని ఫోన్లో వచ్చింది. ఏం చేయమంటారు? (ఆమదాలవలస)

జవాబు: గీతలు లెక్కపెట్టకండి, కళ్లు పోతాయి. కొన్నింటి మీద పది గీతలుంటాయి, కొన్నింటి మీద పదిహేను, కొన్నింటి మీద రూపాయి గుర్తు ఉంటుంది, పాతవాటి మీద ఉండదు. అన్నీ చెల్లుతాయి. అప్పటికి 14 రకాల బొమ్మలతో కాయిన్లు విడుదల చేశామని, అన్నీ చెల్లుబాటే అని రిజర్వు బ్యాంకు 2018 జనవరి 17న ప్రకటన ఇచ్చింది. 14440కి ఫోన్ చేస్తే రికార్డు చేసిన జవాబు వినిపించే ఏర్పాటు కూడా చేసింది. అయినా మన శ్రీకాకుళం జిల్లాలో బడ్డీ నుంచి బస్సు దాకా అదే గొడవ.

ఈ పుకారు వేరే రకం, గమనించారా? ఇక్కడ మీరు నమ్మకపోయినా నష్టం మీదే. కాయిన్ చెల్లుతుందని మీకు తెలుసు, ఎదుటివాడికీ తెలుసు, కానీ అవతలివాడు తీసుకోడేమో అని ఇద్దరూ తీసుకోరు. అందుకే ఒక్కరికి చెబితే పోదు. మీ వీధిలో నలుగురు వర్తకులు మాట్లాడుకుని ఒకేసారి తీసుకోవడం మొదలుపెట్టండి, "కాయిన్లు తీసుకోబడును" అని కొట్టు ముందు అట్ట కట్టండి. వెయ్యి రూపాయల లోపు బాకీకి చట్ట ప్రకారం కాయిన్లు చెల్లుతాయి.

2016 నవంబరులో ఉప్పు కరువొస్తుందని ఉత్తరాది ఊళ్లలోనూ హైదరాబాద్‌లోనూ కిలో వందల రూపాయలకి కొన్నారు. నౌపడ ఉప్పు మడుల పక్కన పెరిగిన మనం అది విని నవ్వుకున్నాం. కాయిన్ దగ్గరికొచ్చేసరికి మనమూ అంతే.

ప్రశ్న: పెళ్లిళ్లకి వంటలు చేయిస్తాం. అన్నం, కూరలు చాలా మిగిలిపోతాయి, పారబోయాలంటే ప్రాణం ఒప్పదు. 1098కి ఫోన్ చేస్తే వచ్చి అనాథ పిల్లలకి తీసుకెళ్తారని మెసేజ్ వస్తే తెలిసినవాళ్లందరికీ పంపాను. ఫోన్ చేస్తే మాత్రం అది తమ పని కాదన్నారు. (బొబ్బిలి)

జవాబు: వాళ్లన్నది నిజం బాబూ. 1098 పిల్లలు ఆపదలో ఉంటే చేసే నంబరు. తప్పిపోయిన పిల్లలు, దెబ్బలు తింటున్న పిల్లలు, బడి మాన్పించి పనిలో పెట్టిన పిల్లలు, వీళ్లకోసం. భోజనం తీసుకెళ్లడం తమ పని కాదని ఆ సేవ నడిపిన చైల్డ్‌లైన్ వాళ్లు ఎన్నోసార్లు చెప్పారు. అయినా ఆ మెసేజ్ ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంది, ఎందుకంటే అందులో చెడ్డ మాట ఒక్కటీ లేదు. పంపినవాడికి పుణ్యం చేసినట్టుంటుంది. అవతల ఫోన్ ఎత్తినవాళ్లు మాత్రం ఎవరో పిల్ల ఏడుస్తూ చేసిందేమో అనుకుని ఎత్తుతారు, వినిపించేది ఐదు కేజీల పులిహోర మిగిలిందని.

పెళ్లి ఒప్పుకున్న రోజే దగ్గర్లోని అనాథాశ్రమం వాళ్లతోనో వృద్ధాశ్రమం వాళ్లతోనో మాట్లాడి పెట్టుకోండి. ఎంతమందికి కావాలి, ఎన్నింటి లోపు తేవాలి అడగండి. అర్ధరాత్రి దాకా గిన్నెల్లో ఉన్న కూర మర్నాడు పిల్లలకి పెట్టడం దానం కాదు. మండపం నుంచి 1098కి ఫోన్ చేయాల్సిన సందర్భం ఒకటుంది: పెళ్లికూతురికి 18 ఏళ్లు నిండకపోతే. అప్పుడు మొహమాటపడకుండా చేయండి.

ప్రశ్న: అన్నా, మా ఊరి యువకుల గ్రూప్‌కి నేను అడ్మిన్‌ని. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందని వీడియోలు, వాయిస్‌లు వచ్చాయి. మా ఊళ్లో రాత్రి కర్రలు పట్టుకుని కాపలా కాస్తామంటున్నారు. నిన్న దుప్పట్లు అమ్ముకునే హిందీవాళ్లని ఆపి గట్టిగా అడిగారు. వీడియో చూస్తే నిజంలానే ఉంది. నేను డిలీట్ చేస్తే నీకు పిల్లల్లేరు కాబట్టి టెన్షన్ లేదు అంటున్నారు. (టెక్కలి దగ్గర పల్లె)

జవాబు: తమ్ముడూ, ఇది నవ్వుతూ రాసే జవాబు కాదు. ముందు చేయాల్సింది చెబుతాను: ఈ పత్రిక నీ చేతికి వచ్చేదాకా ఆగి ఉండవని అనుకుంటూనే, కాపలా సంగతి మీ స్టేషన్‌కి ఫోన్ చేసి చెప్పు, 112కి చేసినా సరే. ఎవరి మీదైనా అనుమానం ఉంటే పోలీసులే వచ్చి అడుగుతారు. కర్రలున్న గుంపు అడిగే ప్రశ్నకి భాష రానివాడు ఏం చెప్పినా తప్పే అవుతుంది.

2018లో ఏం జరిగిందో మీవాళ్లకి వివరంగా చెప్పు. ఇవే మెసేజ్‌లు, ఇవే వీడియోలు రాష్ట్రానికో భాషలో తిరిగాయి. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడా అనే ఊళ్లో ఐదుగురిని కొట్టి చంపేశారు. వాళ్లు ఊరూరూ తిరిగి అడుక్కుని బతికే సంచార జాతివాళ్లు. అదే నెలలో కర్ణాటక బీదర్ జిల్లాలో హైదరాబాద్ నుంచి వెళ్లిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరును చంపారు, స్నేహితులతో కారులో వెళ్తూ దారిలో పిల్లలకి చాక్లెట్లు ఇవ్వడం దగ్గర మొదలైంది ఆ అనుమానం. ఆ రెండు చోట్లా కొట్టినవాళ్లు మేం పిల్లల్ని కాపాడుతున్నామనే అనుకున్నారు.

అప్పుడు అందరూ చూసిన వీడియో ఒకటుంది, బైక్ మీద వచ్చి వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ణి ఎత్తుకుపోతారు. నీకొచ్చింది కూడా అదే అయితే ఆశ్చర్యపోను. అది మన దేశంలోదే కాదు, పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. అసలు దాంట్లో బైక్ వాళ్లు వెనక్కి వచ్చి పిల్లాణ్ణి దింపేసి, పిల్లలు మాయమవడానికి ఒక్క క్షణం చాలని రాసిన అట్ట చూపిస్తారు. ఆ చివరి ముక్క కోసేసి మిగతాది వదిలారు. దాంతోపాటు తిరిగిన వరసగా పడుకోబెట్టిన పిల్లల శవాల ఫోటో 2013లో సిరియాలో విషవాయువు దాడిలో పోయినవాళ్లది. కళ్లారా చూశాం కదా అంటారు జనం. నిజమే, చూశారు. ఎక్కడిదో, ఎప్పటిదో, ముందూ వెనకా ఏముందో చూడలేదు.

ఫోటో ఎక్కడిదో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. గూగుల్ లెన్స్‌లో పెడితే అదే బొమ్మ ఇంతకుముందు ఎక్కడెక్కడ వచ్చిందో చూపిస్తుంది. వీడియో అయితే మధ్యలో ఆపి స్క్రీన్‌షాట్ తీసి పెట్టు. ఫ్యాక్ట్‌లీ లాంటి సంస్థలు తెలుగులోనే ఇలాంటివి పరిశీలించి రాస్తున్నాయి, వెతుకు. వాయిస్ మెసేజ్ అయితే చిక్కు, అందులో వెతకడానికి ఏమీ ఉండదు, అందుకే ఇప్పుడు అవి ఎక్కువయ్యాయి. మాట్లాడేవాడు తన పేరు, ఊరు, స్టేషన్ పేరు చెప్పకుండా "మన పక్క ఊళ్లోనే" అంటే దాన్ని పట్టించుకోకు. నీకు పక్క ఊరు టెక్కలి అయితే ఇంకొకడికి తెనాలి, ఎక్కడ విన్నా సరిపోతుంది.

2018 జులైలో ఈ హత్యల తర్వాతే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ని ఒకసారికి ఐదు చాట్‌లకి మించి పంపకుండా కట్టడి పెట్టింది, ఫార్వర్డ్ అన్న ముద్ర కూడా అప్పుడే వచ్చింది. రెండు బాణాల గుర్తు కనిపిస్తే అది ఇప్పటికే చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. అలాంటిదాన్ని 2020 ఏప్రిల్ నుంచి ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తున్నారు. కంపెనీయే జంకి గేటు వేసిందంటే ఆ గుర్తుని మనం ఎంత అనుమానంగా చూడాలో ఆలోచించు.

నీకు పిల్లల్లేరన్న మాటకి జవాబు ఒకటే. మన జిల్లా జాలర్లు చేపల వేటకి గుజరాత్‌లోని వేరావల్ దాకా పోతారు, కూలీలు చెన్నై, హైదరాబాద్ పోతారు. అక్కడి ఊళ్లలో సాయంత్రం పూట భాష రాకుండా నిలబడేది మనవాళ్లే. మీ గుంపులో ప్రతి ఇంటి నుంచీ ఒకడు బయట ఉండే ఉంటాడు, వాడి పేరు పెట్టి అడుగు.

ప్రశ్న: ఏటీఎంలో దొంగ బెదిరిస్తే పిన్ నంబరు తిరగేసి కొడితే పోలీసులకి తెలుస్తుందట, నిజమేనా సార్? (రాజాం)

జవాబు: కాదమ్మా. అలాంటి పద్ధతి ఒకటి పెట్టొచ్చని అమెరికాలో ఎప్పుడో ఆలోచించారు గానీ అమల్లోకి రాలేదు. 2442 పిన్ పెట్టుకున్నవాళ్లు ఏం తిరగేస్తారు?

ప్రశ్న: మాష్టారుగారూ, మా నాన్నకి కిడ్నీ జబ్బు, డయాలసిస్ దాకా వచ్చింది. రోజూ రెండు బొండాలు తాగితే కిడ్నీలు కడిగినట్టు శుభ్రమైపోతాయని మెసేజ్ వచ్చింది. మా చిన్నాన్న పంపాడు, మా తోటలోనే కొబ్బరి చెట్లున్నాయి, ఖర్చు లేదు కదా అని. నాన్నకి ఇష్టం కూడా. ఇవ్వొచ్చా? (కవిటి)

జవాబు: డాక్టరుని అడగకుండా ఒక్క గుక్క కూడా ఇవ్వొద్దు తల్లీ. ఆరోగ్యంగా ఉన్నవాడికి కొబ్బరినీళ్లు మంచివే, ఎండలో పనిచేసి వచ్చినవాడికి ఇంకా మంచివి. కానీ వాటిలో పొటాషియం బాగా ఎక్కువ. మంచి కిడ్నీ అయితే ఎక్కువైనదాన్ని బయటికి పంపేస్తుంది. దెబ్బతిన్న కిడ్నీ పంపలేదు, అది రక్తంలో పేరుకుని గుండె కొట్టుకునే తీరునే దెబ్బతీస్తుంది, ప్రాణం మీదికి తెస్తుంది. డయాలసిస్ చేసేవాళ్లు అరటిపండు, కొబ్బరినీళ్లు తగ్గించమని చెప్పేది ఇందుకే. ఉప్పుకి బదులు వాడమని అమ్మే తక్కువ సోడియం ఉప్పుల్లో కూడా పొటాషియం ఉంటుంది, అదీ అడిగి తెలుసుకోండి.

మీ ఉద్దానం ప్రాంతంలో ఇంతమందికి ఈ జబ్బు ఎందుకొస్తుందో ఎన్నో ఏళ్లుగా పరిశోధిస్తున్నారు, ఇదీ కారణం అని గట్టిగా తేలలేదు. జవాబు లేని చోట పుకారు ఇట్టే చేరుతుంది. నీళ్లన్నవాడు, మందులన్నవాడు, కషాయం అమ్మేవాడు, అందరూ వస్తారు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి, ఆ మెసేజ్ అక్కడి డాక్టరుకే చూపించండి. చిన్నాన్న మీద కోపం తెచ్చుకోకు. అన్న మీద ప్రేమతోనే పంపాడు, దాంట్లో అనుమానం లేదు. ఆ ప్రేమ వల్లే మీరు అడక్కుండా తాగించేవాళ్లు, అదే ఏదో కంపెనీ ప్రకటన అయితే నమ్మేవాళ్లు కాదు. పంపినవాడు మంచివాడా అన్నది ఒక ప్రశ్న, రాసినవాడికి తెలుసా అన్నది ఇంకొక ప్రశ్న. ఫోన్‌లో ఈ రెండూ కలిసిపోయి కనిపిస్తాయి, పైన మనవాడి పేరే ఉంటుంది కాబట్టి.

ప్రశ్న: తుపాను వస్తే మా గ్రూపుల్లో ఎవరికి తోచింది వాళ్లు పెడతారు. పదో నంబరు కాదు పదకొండో నంబరు ఎగరేశారు, ఊరు మునిగిపోతుంది అని ఒకసారి భయపెట్టారు. పదకొండు అంటే అంత పెద్దదా? (కళింగపట్నం)

జవాబు: పదకొండు అంటే పదికంటే పెద్ద తుపాను కాదు. ఓడరేవుల్లో ఎగరేసే నంబర్లలో 8, 9, 10 మహా ప్రమాదానికి గుర్తులు. 11 అంటే హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, కబురు అందడం లేదు అని. భయపడాల్సిన సమయమే, కానీ కారణం వేరు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కరెంటు లేదు, ఫోన్లు లేవు. అలాంటప్పుడు గ్రూపు పనిచేయదు, పుకారూ రాదు. పుకార్లన్నీ ముందు రోజే, లేదా సిగ్నల్ వచ్చిన వెంటనే. కాబట్టి ముందు రోజే వాతావరణ శాఖ బులెటిన్ చూడండి, దానిమీద తేదీ, సమయం ఉంటాయి, లేనిది బులెటిన్ కాదు. విపత్తుల నిర్వహణ సంస్థ నంబరు 1070 గోడ మీద రాసి పెట్టుకోండి. వంశధార, నాగావళి వరద సంగతీ అంతే, గట్టు తెగిందని ఎవరో అంటే ఎవరు చూశారు, ఏ ఊరి దగ్గర అని అడగండి. ప్రమాదం గురించి తప్పుడు హెచ్చరిక చేసి జనాన్ని బెదరగొడితే విపత్తు నిర్వహణ చట్టం 54వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు పడొచ్చు, ఇది మాత్రం గ్రూపులో పంపుకోండి.

ప్రశ్న: మా మామగారు పెద్దాయన, రోజూ ఫ్యామిలీ గ్రూపులో ఏదో ఒకటి పెడతారు. జనగణమనకి యునెస్కో ప్రపంచంలో ఉత్తమ గీతం అని బహుమతి ఇచ్చిందని, దీపావళి రాత్రి ఇండియాని నాసా తీసిన ఫోటో అని. అబద్ధమని మా ఆయన గ్రూపులోనే అనేసరికి మామగారు రెండు రోజులు మాట్లాడలేదు. ఎలా చెప్పాలి? (విజయనగరం)

జవాబు: గ్రూపులో చెప్పడమే తప్పు అయింది. పదిమందిలో పెద్దాయనకి తప్పు చూపిస్తే ఆయన ఆలోచించేది ఫోటో గురించి కాదు, పరువు గురించి. ఆ మెసేజ్‌ల సంగతి మాత్రం మీ ఆయన అన్నట్టే. యునెస్కో ఏ దేశ గీతానికీ అలాంటి బహుమతి ఇవ్వదు, 2008 నాటికే ఆ మాట తిరుగుతుంటే వాళ్లు కాదన్నారు. రంగురంగుల దీపాల ఫోటో ఒక్క రాత్రి తీసింది కాదు. 1992 నుంచి 2003 దాకా మన ఊళ్లలో రాత్రి వెలుగులు ఎలా పెరిగాయో చూపించడానికి అమెరికా శాస్త్రవేత్త ఒకరు ఉపగ్రహ సమాచారంతో చేసిన బొమ్మ. దీపావళి వెలుగు పైనుంచి చూస్తే మామూలు రోజుకంటే పెద్దగా తేడా తెలియదని 2012లో నాసానే వివరించింది.

అబద్ధం ఎందుకు గెలుస్తుందో అమెరికాలో ఎంఐటీ పరిశోధకులు 2018లో లెక్కగట్టారు. ట్విట్టర్‌లో సుమారు 1,26,000 కథనాల్ని చూస్తే, అబద్ధపు వార్తని ఇతరులకి పంపే అవకాశం నిజమైనదానికంటే 70 శాతం ఎక్కువని తేలింది. యంత్రాల వల్ల కాదు, మనుషుల వల్లే. కొత్తగా, ఆశ్చర్యంగా ఉండటమే కారణమని వాళ్లన్నారు. మీ మామగారికి కూడా అంతే, గర్వంగా అనిపించింది, పంచుకున్నారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పక్కన కూర్చుని, "మామగారూ, ఈ ఫోటో ఎప్పటిదో చూద్దామా, నాకు గూగుల్ లెన్స్ ఇప్పుడే తెలిసింది" అని ఆయన ఫోన్‌లోనే ఆయన చేత్తోనే చేయించండి. నలుగురికంటే ముందుగా తప్పు పట్టేది తానే కావడం ఆయనకి నచ్చుతుంది, కొన్నాళ్లకి మీ ఆయన పెట్టినవి కూడా వెతకడం మొదలెడతారు, దానికి మాత్రం సిద్ధంగా ఉండండి. డబ్బు అడిగేవి, మందులు చెప్పేవి, ఒక కులాన్నో మతాన్నో తిట్టేవి వస్తే వెంటనే చెప్పాలి, మొహమాటం వద్దు. మిగతావి నెమ్మదిగా. తెల్లారి ఐదింటికి వచ్చే గులాబీ పువ్వుల గుడ్ మార్నింగ్ సంగతి ఆపమని మాత్రం నన్ను అడక్కండి, మా ఇంట్లోనే ఆగలేదు.